లా సీటు కోసం ధోతి ఫంక్షన్

నా ధోతి ఫంక్షన్ నాకు ఇరవై రెండేళ్లు నిండాక జరిగింది. మా గోదావరిఖనిలో ఆ వేడుక మగపిల్లలకు పదేళ్లకో పదకొండేళ్లకో చేస్తారు. పిల్లవాడికి మొదటిసారి పంచె కట్టి, పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, మేనమామ చేత బట్టలు పెట్టించి, వచ్చినవాళ్లకు మటన్ భోజనం వడ్డించి, వాళ్లు చదివించే కట్నాలు తీసుకుంటారు. నాకు అప్పటికి మీసాలే కాదు, డిగ్రీ కూడా వచ్చింది. అయినా నన్ను కూర్చోబెట్టారు. అదంతా లా కాలేజీ ఫీజు కోసం. చెప్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది, కానీ చెప్పకుండా ఉండలేను.

ముందు మా బాపు సంగతి చెప్పాలి. బాపు బాయిలో హాలర్ డ్రైవర్. బాయి అంటే మా దగ్గర బొగ్గు గని. లోపల బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో లాగే యంత్రాన్ని ఆయన నడుపుతాడు. జీతం పడిన రోజు మా క్వార్టర్ల లైన్లో ఎవరూ ఎవరినీ "మంచిగున్నవా" అని పలకరించరు. "కటింగ్ ఎంత పోయింది?" అంటారు. కటింగ్ అంటే లోన్ల కింద జీతంలోంచి కోసుకునేది. ఇంటి లోన్, బండి లోన్, బంగారం లోన్, పాత లోన్ తీర్చడానికి తీసుకున్న కొత్త లోన్. పర్మనెంట్ నౌకరి కాబట్టి బ్యాంకులవాళ్లు షిఫ్టు దిగే టైముకు గేటు దగ్గర నిలబడి మరీ పిలిచి ఇస్తారు. రెండు బ్యాంకుల కటింగ్ ఉన్నవాడికి బజారులో ఒక గౌరవం. మూడు ఉంటే పెద్దమనిషి, పంచాయితీలకు పిలుస్తారు.

ఇంతమంది మధ్య బాపుకు కటింగ్ లేదు. పైసా లేదు. ఇది మా ఇంటికి పట్టిన అపకీర్తి. "ఏంది బావా, లోన్ లేదా? ఎందుకు, ఏమైంది?" అని కొత్తవాళ్లు అడిగే తీరు చూస్తే, ఈ మనిషికి ఏదో చెప్పుకోలేని రోగం ఉందని అనుమానిస్తున్నట్టు ఉండేది. సాయంత్రం పూట బ్యాంకు కుర్రాళ్లు స్వీటు డబ్బాతో మా గుమ్మంలోకి వచ్చేవాళ్లు. అమ్మ చాయ్ పోసేది. బాపు మంచం మీద పడుకుని నిద్ర నటించేవాడు. వాళ్లు వెళ్లాక లేచి స్వీటు తినేవాడు. స్వీటు అప్పు కాదు కదా!

దీని వెనక కారణం ఉంది. నేను బడికి వెళ్తున్న రోజుల్లో బాపుతో ఒకే షిఫ్టులో పనిచేసే దోస్తు ఒకాయన లోన్ తీసుకుంటూ జమానతు సంతకం పెట్టమన్నాడు. "ఏం గాదే, ఉత్త సంతకమే" అన్నాడు. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. బాపు పెట్టాడు. ఆ తర్వాత ఆ మనిషి డ్యూటీకి రావడం మానేశాడు, క్వార్టర్ ఖాళీ చేశాడు, ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. ఆయన తిన్న లోన్ బాపు జీతంలోంచి ఏళ్ల తరబడి కోశారు. ఆ ఏళ్లలో మా ఇంట్లో మటన్ వండలేదు, కొత్త బట్టలు కొనలేదు, నా ధోతి ఫంక్షన్ జరగలేదు. చివరి కటింగ్ పోయిన నెల బాపు కొమురెల్లి వెళ్లి మల్లన్న ముందు ఒట్టేసి వచ్చాడు. మళ్లీ బతికుండగా అప్పు చేయనని.

ఒట్టంటే ఒట్టు. ఇంటి జాగా కొన్నాక ఇల్లు కూడా లోన్ లేకుండానే మొదలుపెట్టాడు. దసరాకు కంపెనీ లాభాల్లో వాటా ఇస్తే ఆ డబ్బుతో ఒక గోడ. మరుసటి దసరాకు ఇంకో గోడ. ఒక ఏడాది వాటా తక్కువ వస్తే వంటింటి గోడ నడుము ఎత్తు వరకే లేచింది. అలా ఏళ్లు గడిచాయి. గోడలున్నాయి, కప్పు లేదు. కిటికీలకు బొక్కలున్నాయి, కిటికీలు లేవు. ఎండాకాలం మేమంతా ఆదివారాలు ఆ ఇంటికి వెళ్లి, లోపల నిలబడి ఆకాశం చూసి, క్వార్టర్‌కు తిరిగి వచ్చేవాళ్లం. బాపు చేతిలో పడిన ప్రతి రూపాయీ ఇటుక అయిపోయేది కనుక ఇంట్లో నగదు అనేది ఎప్పుడూ లేదు.

నేను లా చదవాలనుకోవడానికి వేరే ప్రేరణలు ఏమీ లేవు. ఆ సంతకమే. అంత పెద్దమనిషి, బాయిలో ఇనుప తాడు తెగితే ఎటు దూకాలో తెలిసిన మనిషి, ఒక కాగితం ముందు పసిపిల్లవాడిలా మోసపోయాడని నాకు లోపల మండిపోతూ ఉండేది. డిగ్రీ అయ్యాక ఎంట్రన్స్ రాశాను. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో సీటు వచ్చింది. ఫీజు, హాస్టలు కలిపి లక్షకు పైమాట. ప్రభుత్వం ఇచ్చే ఫీజు మాఫీ మాకు రాదు. బాపు జీతం చూడగానే ఆదాయం సర్టిఫికెట్ ఇచ్చే గుమస్తా నవ్వాడు. కాగితం మీద మేం ధనవంతులం. సోమవారం సాయంత్రంలోగా ఒరిజినల్స్‌తో వచ్చి కౌంటర్లో కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుందని కాలేజీవాళ్లు చెప్పారు. చేతిలో పది రోజులు ఉన్నాయి.

ఈ వార్త లైన్లో పాకగానే సలహాలు మొదలయ్యాయి. బ్యాంకు కుర్రాడైతే చదువు లోన్ కాగితాలతో పరుగెత్తుకొచ్చాడు. బాపు నిద్ర నటించాడు. పక్క క్వార్టర్ అత్త ఇంకో దారి చెప్పింది. బాయిపని చేయలేనంత జబ్బు చేసినవాళ్లు అన్‌ఫిట్ అయితే కొడుకుకు నౌకరి వస్తుంది కదా, ఆ దారి.

"లా గీలా ఎందుకు బిడ్డా? మీ బాపు అన్‌ఫిట్ అయితే నౌకరి నీ చేతిల పడుతది. ఫీజు లేదు, ఫికర్ లేదు."

బాపు మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "వదినా, నాకు షుగర్ లేదు, బీపీ లేదు, మోకాళ్లు మంచిగున్నయ్. ఏం జెయ్యమంటవ్? పానం మంచిగున్నందుకు గూడ సిగ్గుపడాల్నా?"

ఆమె ఆయన్ను పైనుంచి కింది దాకా చూసి, చాలా విచారంగా ఇంటికి వెళ్లిపోయింది.

అప్పుడు వచ్చాడు మా మేనమామ. మామది బక్క ఒళ్లు, బండ గొంతు. వినాయకచవితికి మా బజారు మండపంలో మైకు ఆయనదే. ఏ సమస్య చెప్పినా దానికి మైకులోంచే పరిష్కారం దొరుకుతుందని ఆయన నమ్మకం. అరుగు మీద కూర్చుని, గ్లాసుడు నీళ్లు తాగి, విషయం తేల్చేశాడు.

"బావా, నువ్వు ఇన్నేండ్ల సంది ఎన్ని ఫంక్షన్లకు పోయినవ్? పెండ్లిళ్లు, చీరల ఫంక్షన్లు, ఇండ్లు జొచ్చుడు, రిటైర్మెంట్లు. అన్నిట్ల కట్నాలు పెట్టినవ్ గదా. మరి నీ ఇంట్ల ఒక్క ఫంక్షన్ అయ్యిందా? కాలె. నీ పైసలు మొత్తం బజార్ల పడి ఉన్నయ్. మా అల్లునికి ధోతులు గట్టాల్సింది బాకీ ఉన్నది. కడుదాం. అప్పు గాదు, ఏం గాదు. నీది నీకు వస్తది."

బాపు ముఖంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు. "నాది నాకు వస్తది" అని రెండుసార్లు అనుకున్నాడు.

నాకు కోపం నసాళానికి అంటింది. "మామా, నాకు ఇరవై రెండేండ్లు! నాతో చదివినోళ్లకు పెండ్లిళ్లు అయినయ్. నేను పంచె గట్టుకొని పిలగాని తీరు కుర్చీల గూసుంటే జనం ఉమ్మేస్తరు."

"ఉమ్మేస్తే ఉమ్మెయ్యనీ. కట్నం పెట్టి ఉమ్మేస్తరు గదా" అన్నాడు మామ.

అమ్మ లేచింది. వంటింట్లోకి వెళ్లి కొంగు కళ్లకు అద్దుకుంది. పదకొండేళ్ల క్రితం ఆ ఫంక్షన్ చేయలేకపోయామని ఆమెకు ఎంత బాధగా ఉండేదో నాకు తెలుసు. ఎవరి ఇంట్లో పిల్లాడు పంచె కట్టుకుని కనిపించినా ఇంటికొచ్చి ఆ పూట సరిగ్గా తినేది కాదు. ఆమె కన్నీళ్లు చూశాక నేను ఇంకేం వాదించను? ఒప్పుకున్నాను. లాయరు కావాలనుకున్నవాడు మొదటి వాదనే ఓడిపోయాడు.

ఫ్లెక్సీ లేకుండా మా దగ్గర పిల్లి కూడా ఫంక్షన్ చేసుకోదు. బజారులో ఫ్లెక్సీ షాపు ఆయన పెద్దలు ఎప్పుడో గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని మర్యాదగా అడిగాడు.

"బాబు ఫొటో తెచ్చారాండి?"

"నేనేనండి బాబును" అన్నాను.

ఆయన నా మీసాల వైపు చూసి, మామ వైపు చూసి, మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు. పాపం, వ్యాపారస్తుడు. "ధోతి ఫంక్షన్‌కి మా దగ్గర ఒకటే డిజైనుందండి. చిన్ని కృష్ణుడు, నెమలి, వెన్న కుండ. మొహం ఒక్కటే మారుస్తాం. మార్చమంటారాండి?"

మార్చమన్నాడు మామ. మరుసటి రోజు పొద్దున మా లైను మొగదల పన్నెండడుగుల ఫ్లెక్సీ లేచింది. నడుముకు మొలతాడు, చేతిలో వెన్నముద్ద, బుజ్జి పొట్ట, ఆ పైన మీసాలతో నా తలకాయ. పాదాల దగ్గర మామ పెట్టించిన స్కానర్, కట్నాలు ఫోన్లోనే వేయడానికి. నా దోస్తులు వచ్చి దానికి పాలాభిషేకం చేసి, వీడియో తీసి, జిల్లా మొత్తం పంపించారు. మూడు రోజులు నేను పెరటి దారిన తిరిగాను.

ముహూర్తం దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఫంక్షన్ ఆదివారమే చేయాలి, ఎందుకంటే సోమవారం ఫీజు కట్టాలి. కానీ ఆదివారం డ్యూటీకి రెట్టింపు జీతం. ఆ మస్టర్, అంటే డ్యూటీ హాజరు, వదులుకుని వచ్చేవాడు మా బొగ్గు బెల్టులో ఇంకా పుట్టలేదు, సొంత పెళ్లయినా సరే. అయ్యగారు పంచాంగం తిరగేసి పొద్దున తొమ్మిదికి దివ్యంగా ఉందన్నారు. మామ ఫస్టు షిఫ్టు మూడింటికి దిగుతుందన్నాడు. అయ్యగారు మళ్లీ తిరగేసి నాలుగున్నరకు ఇంకా దివ్యంగా ఉందన్నారు. పిల్లవాడి వయసు అడిగి, విని, దక్షిణ కొంచెం పెంచారు.

ఫంక్షన్ హాలుకు డబ్బులెక్కడివి? కప్పులేని మా ఇంట్లోనే గోడల మీద షామియానా కట్టారు. నడుమెత్తు వంటింటి గోడ మీద స్టీలు బకెట్లు పెట్టి వడ్డన. నేను జరీ పంచె కట్టుకుని, నెత్తిన పాగాతో, ఎర్ర వెల్వెట్ కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ పిల్లలకు చేసింది, నా మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. అమ్మ నా బుగ్గన దిష్టి చుక్క పెట్టింది. షేవింగ్ చేసుకున్న బుగ్గ మీద. నేను కళ్లు మూసుకుని సీటు తలుచుకున్నాను.

మూడున్నర నుంచి జనం మొదలైంది. స్నానాలు చేసి, కళ్ల చుట్టూ బొగ్గు కాటుక పోకుండానే షిఫ్టు మొత్తం వచ్చింది. మొదట వచ్చిన కాక నా మీద అక్షింతలు వేసి, మెరిసే కాగితం చుట్టిన పెద్ద గుండ్రటి వస్తువు ఒడిలో పెట్టాడు. విప్పి చూస్తే గోడ గడియారం. డయల్ మీద ఇచ్చినవాళ్ల పేర్లు అచ్చు వేయించి ఉన్నాయి. సరే అనుకున్నాను. తర్వాత వచ్చిన అన్న ఇంకో గడియారం ఇచ్చాడు. ఆ తర్వాత అక్క, చదరంగా ఉన్న గడియారం. ఆ తర్వాత ఇద్దరు కలిసి లోలకం ఉన్నది మోసుకొచ్చారు. నా కాళ్ల దగ్గర గడియారాల కుప్ప లేస్తోంది. దుకాణంలో పని చేస్తాయో లేదో చూడటానికి సెల్స్ వేసి ఇచ్చారు కాబట్టి అన్నీ నడుస్తున్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో టైము. ఒకదాంట్లోంచి కోయిల కూసింది. ఇంకోటి పాట ఎత్తుకుంది.

మామ మైకులో ఒక్కొక్కటీ చదువుతున్నవాడల్లా గొంతు తగ్గించి బాపు దగ్గరికి వచ్చాడు. "బావా, ఏంది ఈ గడియారాలు? జనం మొత్తం మాట్లాడుకున్నరా ఏంది?"

బాపు అప్పటికే కింద కూర్చుండిపోయాడు. "మనమే ఇచ్చినం" అన్నాడు.

కటింగ్ పోతున్న ఆ ఏళ్లలో బాపు దగ్గర కట్నం పెట్టడానికి నగదు లేదు. ఫంక్షన్‌కు వట్టి చేతులతో పోతే పరువు పోతుంది. మందమర్రిలో ఒక దుకాణం ఎత్తేస్తుంటే అమ్మ తన ముక్కుపుడక అమ్మి ఒక పెద్ద డబ్బా గోడ గడియారాలు చవకగా కొనుక్కొచ్చింది. ఆ ఏళ్లలో ఎవరింట్లో ఏ శుభకార్యమైనా మా కట్నం గడియారమే. మా దగ్గర కట్నానికి ఒక నీతి ఉంది. ఏది పెట్టావో అదే వెనక్కి పెట్టాలి. బట్టలకు బట్టలు, బిందెకు బిందె, నగదుకు నగదు, కొంచెం మొగ్గు చూపించి. అందరూ ఆ నీతి తప్పకుండా, పైగా మా గడియారాల కంటే పెద్దవి వెతికి మరీ తెచ్చారు. వాళ్లని ఒక్క మాట అనడానికి లేదు.

"నువ్వు మర్సిపోయినవ్ సరే, మా అక్క ఎట్ల మర్సిపోయింది?" అని మామ అమ్మ మీదికి వెళ్లాడు.

అమ్మ నెమ్మదిగా చెప్పింది. "నేను మర్వలేదు. గడియారాలే వస్తయని నాకు ఎర్కనే. చెప్తే ఫంక్షన్ వద్దంటరని చెప్పలె."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పంచెలో ఉన్న నన్ను ఆమె కళ్లనిండా చూసుకుంటోంది. సీటు పోతే పోయె, ఆమెకు మాత్రం ఆ రోజు పండగ.

నగదు రాలేదని కాదు. తర్వాతి ఏళ్లలో బాపు నోట్లు పెట్టిన ఇళ్ల నుంచి నోట్లు వచ్చాయి, స్కానర్‌లో కొన్ని పడ్డాయి. మటన్‌కు, షామియానాకు, అయ్యగారికి పోను మిగిలింది ఫీజులో సగానికి కూడా రాలేదు. గోడ పక్కన నిలబడి మామ లెక్క చెప్పేసరికి బాపు ముఖం నల్లబడింది. తెల్లవారితే సోమవారం.

అప్పుడు బాపు షిఫ్టు మీద అజమాయిషీ చేసే ఓవర్‌మెన్ కాక చెయ్యి కడుక్కుంటూ వచ్చాడు. మంచి మనిషి. ఆయన దగ్గర చిట్టీ నడుస్తుంది. ఇరవై మంది నెలనెలా తలా కొంత వేస్తారు, ఆ మొత్తాన్ని నెలకు ఒకరు ఎత్తుకుంటారు.

"ఏం రంది పెట్టుకోకు తమ్మీ. కొత్త చిట్టీ షురూ అయితున్నది. మొదటిది నువ్వే ఎత్తుకో. నా కమీషన్ గూడ వద్దు. చిట్టీ అంటే అప్పు గాదు గదా, అందరం కలిసి వేసుకునేది."

అందరూ అవునన్నారు. చిట్టీ అప్పెట్ల అయితది, చిట్టీ చిట్టీయే అన్నారు. మామ ఆ సంగతి చాటడానికి ఆల్‌రెడీ మైకు అందుకుంటున్నాడు. బాపు మాత్రం నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు లా చదువుతనంటున్నవ్ గదా. నువ్వు చెప్పు. ఇది అప్పా, కాదా?"

నా లా పరిజ్ఞానం అప్పటికి ఒక ఎంట్రన్స్ గైడు. పైగా నెత్తిన పాగా, బుగ్గన దిష్టి చుక్క, ఒళ్లో కోయిల గడియారం. అయినా బాపు జడ్జిని అడిగినట్టు అడిగాడు. షామియానా కింద తింటున్నవాళ్లు ముద్ద ఆపి చూస్తున్నారు. కాదు అంటే చాలు, రేపు నేను కాలేజీలో ఉంటాను. నా నోటి దాకా వచ్చింది ఆ మాట. కానీ "ఏం గాదే, ఉత్త సంతకమే" అని ఒకడు ఆయనతో అన్నాడు చూడండి, ఇప్పుడు నేనూ అలాంటి మాటే అనబోతున్నానని తోచింది. భయం వేసింది నాకు, నా మీద నాకే.

"అప్పే బాపు. మొదటి నెల ఎత్తుకుంటే మిగతా నెలలన్నీ కట్టేది అప్పే."

అమ్మ తలకొట్టుకుంది. "నోర్మూసుకొని కాదు అంటే నీ సొమ్మేం పోతుండెరా!" ఓవర్‌మెన్ కాక నన్ను ఏదో వింత జంతువును చూసినట్టు చూశాడు. బాపు నా మీదికి వంగాడు. నా పాగా జారుతుంటే సర్ది, చిట్టీ వద్దని కాకకు చెప్పి, వెళ్లి నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడ్డాడు. అంతే, సీటు పోయింది అనుకున్నాను. ఏడుపు ఆపుకోవడానికి గడియారం వెనక సెల్ తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తూ కూర్చున్నాను.

అప్పుడే మామ మైకులో దగ్గాడు.

"అయ్యా, అందరు వినుండ్రి. వినాయకుని లడ్డు వేలంపాట విన్నరు. ఇయ్యాల గడియారాల పాట పెడుతున్న. రేపు లాయర్ అయ్యెటోని చేతుల మీదికెల్లి పోయే గడియారం! మొదటిది, ఇగో, ఎర్రది. ఎవరి పాట?"

జనం నవ్వారు. ఎవరో సరదాకు వంద అన్నారు. ఆ ఎర్ర గడియారం బాపు బాయిలో ఒక యూనియన్ పిట్ సెక్రటరీ ఇచ్చింది. ఆయన పేరు డయల్ మీద పన్నెండుకూ ఆరుకూ మధ్య బంగారు అక్షరాల్లో ఉంది. సరిగ్గా ఎదురు బల్ల మీద ఇంకో యూనియన్ పిట్ సెక్రటరీ మటన్ బొక్క కొరుకుతున్నాడు. వీళ్లిద్దరూ ఒకే పందిట్లో తింటారు గానీ ఒకే మాట మీద ఉండరు.

"ఐదువందలు" అన్నాడు రెండో ఆయన, బొక్క పక్కన పెట్టి. "కొనుక్కపోయి మా బాత్రూంల పెడుత. పొద్దుగాల్నే లేసి అన్న పేరు చూసుకుంట."

బల్లలన్నీ గొల్లుమన్నాయి. మొదటి సెక్రటరీ లేచి నిలబడ్డాడు. "వెయ్యి! నా పేరు నీ బాత్రూంలకు ఎట్ల పోతదో చూస్త."

"పదిహేను వందలు."

"రెండు వేలు!"

"ఒకటోసారి... రెండోసారి..." మామ గొంతు బయట రోడ్డు దాకా వెళ్లింది. దారిన పోయే షేర్ ఆటోలు ఆగాయి. ఆ ఎర్ర గడియారం చివరికి నాలుగు వేలకు దాన్ని ఇచ్చినాయనే కొనుక్కున్నాడు. గుండెకు హత్తుకుని కూర్చున్నాడు. తర్వాతి గడియారం రెండో సెక్రటరీ పేరున్నది. చెప్పేదేముంది! మొదటి ఆయన దాన్ని పందుల దొడ్లో వేలాడదీస్తానన్నాడు. అది అయిదు వేలు పలికింది. ఆ తర్వాత రెండు యూనియన్ల మనుషులూ రెండు పక్కలా చేరి ఒకరి గడియారాలు ఒకరు పాడసాగారు. ఆదివారం డబుల్ మస్టర్ చేసి వచ్చినవాళ్లు, చేతిలో ఫోను, ఎదురుగా స్కానర్. తోటికోడళ్లు ఇద్దరు ఒక చదరం గడియారం మీద పాత కక్షలు తీర్చుకున్నారు. బ్యాంకు కుర్రాడు కూడా ఒకటి పాడాడు. ఎందుకు పాడావురా అంటే, ఊపులో పాడేశాను అన్నాడు. ఐదైనప్పుడు, ఐదుంబావైనప్పుడు, ఐదుంబావు దాటి ఇంకెప్పుడో, ఏ గడియారానికి తోచినప్పుడు అది ఐదు గంటలు కొట్టింది.

చివరి గడియారం అందరికంటే ముందు వచ్చి అక్షింతలు వేసిన కాక తెచ్చింది. ఆయన రిటైర్మెంట్‌కు దగ్గర పడ్డ ముసలాయన, కోడలి దవాఖాన ఖర్చుల్లో ఉన్నాడని అందరికీ తెలుసు. ఎవరూ బాత్రూం మాట ఎత్తలేదు. పాట పాడలేదు. ఆయనే లేచి, బనీన్ జేబులోంచి మడతలు పడ్డ ఐదువందల నోటు తీసి మామ చేతిలో పెట్టి, తన గడియారం తాను చంకన పెట్టుకుని, "పిలగాడు మంచిగ చదువుకోవాలె" అని వెళ్లిపోయాడు. నాకు ఇంక ఆగలేదు. ఇరవై రెండేళ్లవాణ్ణి, పిల్లల కుర్చీలో కూర్చుని, పంచె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నిజమైన ధోతి ఫంక్షన్ పిల్లలు కూడా అలాగే ఏడుస్తారని అమ్మ అందరికీ సంతోషంగా చెప్పింది.

ఫీజు నిండింది. హాస్టలుకు కూడా సరిపోయింది. స్కానర్‌లో పడిన దానికి మామ బజారులో తిరిగి నోట్లు తెచ్చాడు. కాలేజీ కౌంటర్ మీద నోట్లు పెడితేనే కట్టినట్టు, ఫోన్లో పోయిన పైసలు ఎటు పోయాయో దేవుడికెరుక అని ఆయన సిద్ధాంతం.

సోమవారం మొదటి బస్సుకు బాపు నన్ను ఎక్కించడానికి వచ్చాడు. డబ్బు సంచి ఆయన చేతిలోనే ఉంది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను, ఆయన నా సీటు పక్కన నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నిన్న గడియారాల మీద వచ్చింది. అది అప్పా?"

దీనికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "కాదు బాపు. చట్టం ప్రకారం అది అమ్మకం. వస్తువు ఇచ్చినం, పైసలు తీసుకున్నం. తిరిగి కట్టేది ఏం లేదు."

"చట్టాన్ని అడుగుతలేను. నిన్ను అడుగుతున్న."

సంచి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. డ్రైవరు ఇంజిన్ స్టార్ట్ చేశాడు. రెండొందల గడియారాన్ని నాలుగు వేలకు కొన్న మనిషికి అది గడియారం కోసం కాదని తెలియదా? ఆ ముసలాయన ఐదువందలు ఏ అమ్మకం కిందికి వస్తాయి? ఎంత పెద్ద లాయరు వచ్చి వాదించినా అవి అమ్మకం కిందికి రావు. అప్పే అంటే ఆయన సంచి పట్టుకుని దిగి, తిరిగి ఇంటింటికీ వెళ్లి పంచి వస్తాడు. మా బాపు అలాంటి మనిషే. నాకు తెలుసు.

"అప్పే బాపు" అన్నాను.

ఆయన తల ఊపాడు. "నాకు గూడ గట్లనే అనిపిచ్చింది."

సంచి రెండు చేతులతో పట్టుకుని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత నా ఒళ్లో పెట్టాడు.

"ఉండనీ. గీ అప్పు నాకు ఉండనీ. మల్లన్నతోని నేను మాట్లాడుకుంట తీ."

నేను ఏదో అనేలోపే దిగిపోయాడు. కిందికి వెళ్లి, కండక్టర్ కంటే ముందు తనే బస్సు రేకు మీద గట్టిగా చరిచి, "రైట్, రైట్" అన్నాడు.